వంటింటి ఊహ: విధికీ స్వేచ్ఛకూ నడుమ

తెలుగు వంటపుస్తకం ఏది తెరిచినా పదార్థాల పట్టిక చివర ఒక మాట కనబడుతుంది: ‘ఉప్పు తగినంత’. కొత్తగా వంట నేర్చుకొనేవారికి ఈ మాట మీద ఎంతో విసుగు. కందిపప్పు ఎంతో చెప్పారు, చింతపండు ఎంతో చెప్పారు, తీరా రుచికి ప్రాణమైన ఉప్పు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశారేమని వారి ప్రశ్న. అమ్మను అడిగితే ‘చూసి వేసుకోవాలి నాయనా’ అంటుంది. దానితో అయోమయం రెట్టింపవుతుంది.

ఆ మాటలో ఒక అధికారప్రదానం ఉన్నదని నా అభిప్రాయం. ఎంత తగునో నిర్ణయించే బాధ్యతను పాకశాస్త్రం పొయ్యి ముందు నిలిచినవానికే అప్పగిస్తున్నది. ఆ బాధ్యతకు అర్హతను సంపాదించుకోవడమే వంట నేర్వడం. ఇది గృహస్థుడైన సాధకునికి తీరిక వేళ వినోదం వంటిది కాదనీ, ఆహారశుద్ధిని నమ్మే ప్రతివారికీ అవశ్యకర్తవ్యమనీ ఈ వ్యాసంలో నివేదించదలచాను. అంతేకాదు, నేర్చిన వంటను దేశకాలానుగుణంగా మార్చుకొనే ధైర్యం సంప్రదాయానికి విరోధి కాదనీ, సంప్రదాయమే దానికి నియమాలు ఏర్పరచి ఉంచిందనీ చూపదలచాను.

అన్నవిచారం తొలిమెట్టు

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని స్మరించండి. బ్రహ్మమును బోధించమని భృగువు తండ్రియైన వరుణుని ఆశ్రయించాడు. వరుణుడు సమాధానం చెప్పలేదు, లక్షణం చెప్పాడు. భూతాలు దేనివలన పుట్టి, దేనిచేత జీవించి, చివరకు దేనిలో లయిస్తాయో దానిని తపస్సుచేత తెలుసుకొమ్మన్నాడు. తపస్సు చేసిన భృగువునకు మొదట గోచరించినది అన్నం. పిమ్మట ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరకు ఆనందం. పై మెట్టుకు చేరినంత మాత్రాన తొలిమెట్టును ఉపనిషత్తు తృణీకరించలేదు. అదే వల్లిలో తరువాత అన్నాన్ని నిందించరాదనీ, త్రోసిపుచ్చరాదనీ, సమృద్ధిగా సంపాదించవలెననీ, ఆశ్రయం కోరి వచ్చినవానిని తిప్పి పంపరాదనీ వ్రతాలను విధించింది.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మనస్సు అన్నమయమని వాదంతో చెప్పి ఊరుకోలేదు. పదునైదు దినాలు కేవలం జలంతో ఉండమన్నాడు. ఆ పిమ్మట అధ్యయనం చేసిన వేదం స్ఫురించని స్థితి కుమారునికి కలిగింది. భుజించిన తరువాత తిరిగి స్ఫురించింది. అదే ఉపనిషత్తులో ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి కలుగుతుందన్న ఉపదేశం ఉన్నది. ఇక్కడ ‘ఆహార’ శబ్దానికి ఇంద్రియాల ద్వారా లోనికి గ్రహించే విషయజ్ఞానమని శంకరభగవత్పాదులు అర్థం చెప్పారు. శ్రీరామానుజుల సంప్రదాయం భుజించే అన్నపు శుద్ధికే ప్రాధాన్యమిచ్చింది. ఏ అర్థాన్ని స్వీకరించినా లోనికి పోయేదాని పట్ల జాగరూకత తప్పదు.

ఇప్పుడు మన స్థితిని పరికించండి. ఫోన్ తెరను తాకితే ముప్పావుగంటలో ద్వారం వద్దకు అన్నం వస్తుంది. ఆ కూరలో ఏ నూనె పడిందో, అది ఎన్నిసార్లు కాగిందో, ఎవరు ఏ మనస్థితిలో వండారో తెలియదు. అట్టివారము ఆహారశుద్ధిని గూర్చి ప్రవచనాలు వింటున్నాము. ఆవశ్యకత కలిగి బయట తినడాన్ని నేను నిందించను. వండుకొనే శక్తే లేక నిత్యం పరాధీనులై ఉండడం వేరు. సాధకుడు ఎన్నో పారతంత్ర్యాల నుండి విడివడగోరుతాడు. వాటిలో అతి సులభంగా తొలగించుకోదగినది ఇదే.

జైమిని చూపిన త్రోవ

వంట నేర్చేవారిని పట్టి పీడించే భయం ఒక్కటే. ‘చెప్పినది చెప్పినట్లు చేయకపోతే చెడిపోతుందేమో’. కనుక వీడియోను ఆపి ఆపి చూస్తూ చెంచాలు కొలుస్తారు. ఒక్క వస్తువు ఇంట లేకపోతే వంటే మానేస్తారు. దీనికి ఎదురుగా మరొక అంచున, ‘నాకు తోచినదే వంట’ అని ఏదో ఒకటి కలిపి అదే సృజన అనుకొనేవారు ఉన్నారు. ఈ రెండు అంచులకూ మధ్యమార్గాన్ని మన పూర్వమీమాంస ఏనాడో వేసి ఉంచింది.

యాగాలలో కొన్నింటికి అంగాలన్నీ సమగ్రంగా విధింపబడి ఉంటాయి. అవి ప్రకృతులు. ఇష్టులన్నింటికీ దర్శపూర్ణమాసములు అట్టి ప్రకృతి. తక్కినవి వికృతులు. వికృతులలో విశేషాలను మాత్రమే చెప్పి, మిగిలినవి ప్రకృతి నుండి తెచ్చుకోవలెనంటారు. అలా తెచ్చుకోవడం అతిదేశం. తెచ్చుకొన్నదానిని కొత్త సందర్భానికి అనుగుణంగా మార్చడం ఊహ. అగ్నికి హవిస్సు నిర్వపించే చోట ఉన్న మంత్రం సూర్యునికి ఉద్దేశించిన ఇష్టికి వచ్చినప్పుడు అగ్నిపదం స్థానంలో సూర్యపదం చేరుతుంది. తెచ్చుకొన్న అంగానికి అక్కడ ప్రయోజనం లేనప్పుడు విడిచిపెట్టడం బాధ. బంగారు గింజలతో చేసే కృష్ణలచరువు దీనికి ప్రసిద్ధ దృష్టాంతం. ధాన్యాన్ని దంచేది పొట్టు ఊడడానికి. బంగారానికి పొట్టు లేదు కనుక దంచడం లేదు. జైమిని ద్వాదశాధ్యాయిలో ఏడు, ఎనిమిది అధ్యాయాలు అతిదేశానికి, తొమ్మిదవది ఊహకు, పదవది బాధకు కేటాయింపబడ్డాయి. శాస్త్రంలో మూడవవంతు, ‘నేర్చినదానిని మార్చుకోవడం ఎలా’ అన్న ప్రశ్నకే అంకితమైందన్నమాట! మార్పును శాస్త్రం నిషేధించి ఉంటే ఈ నాలుగు అధ్యాయాల ఆవశ్యకతే లేదు.

తెలుగులో ‘ఊహ’ అంటే తలపు, భావన. మీమాంసలో ఊహ అంటే ప్రయోజనాన్ని ఎరిగి చేసే సవరణ. వంటింట ఈ రెండు అర్థాలూ ఏకం కావాలి.

పప్పును చూద్దాము. కందిపప్పును పసుపు వేసి మెత్తగా ఉడికించి, మెదిపి, ఉప్పూ పులుపూ కారమూ చేర్చి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకులతో పోపు పెట్టడం ప్రకృతి. తోటకూర పప్పు, దోసకాయ పప్పు, మామిడికాయ పప్పు, గోంగూర పప్పు దాని వికృతులు. తోటకూరకు స్వయంగా పులుపు లేదు కనుక చింతపండు అతిదేశంతో వస్తుంది. గోంగూర, మామిడికాయ స్వతస్సిద్ధంగా పులుపు కలవి కనుక చింతపండుకు ప్రయోజనం తీరిపోయింది. అక్కడ అది మానడం బాధ. కృష్ణలచరువులో దంపుడు లేకపోవడానికీ, గోంగూర పప్పులో చింతపండు లేకపోవడానికీ న్యాయం ఒక్కటే. కందిపప్పుకు బదులు పెసరపప్పు తీసుకొంటే అది త్వరగా ఉడుకుతుంది కనుక కాలాన్ని తగ్గించుకోవడం ఊహ. మన పెద్దలు మీమాంస చదవకపోయినా ఈ న్యాయాలను చేతితో ఎరుగుదురు.

ఇక్కడ కీలకమైనది ‘ఎందుకు’ అన్న ప్రశ్న. పులుపు తగిలితే పప్పు బద్ద మెత్తబడడం మందగిస్తుంది. అందుకే పప్పు ఉడికిన తరువాతనే చింతపండు పులుసు పోస్తారు. పోపులో మినపప్పు, శనగపప్పు ముందు పడేది అవి వేగడానికి ఎక్కువసేపు పడుతుంది కనుక. మెంతులు మాడితే చేదెక్కుతాయి కనుక వాటిపై కన్ను వేసి ఉంచాలి. పులిహోరకు అన్నాన్ని ఆరబెట్టేది మెతుకు విడివడి, కలిపేటప్పుడు నలగకుండా ఉండడానికి. ఒక్కొక్క విధికి వెనుక ఉన్న ప్రయోజనం తెలిసినవానికి భయం ఉండదు. ప్రయోజనం తెలియక విధిని మాత్రమే కంఠస్థం చేసినవాడు నూరు వంటలు చేసినా నూటొకటవదాని ముందు మళ్లీ బాలుడే.

పుస్తకం చెప్పలేని నాలుగు

చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని నిర్ణయించే ఎనిమిది అంశాలు చెప్పబడ్డాయి: ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. ద్రవ్యస్వభావం, దానికి చేసే సంస్కారం, ఇతర ద్రవ్యాలతో కలయిక, పరిమాణం మొదటి నాలుగు. చోటు, కాలం, భుజించే నియమం, భుజించేవాడు తరువాతి నాలుగు.

ఎంత గొప్ప పాకశాస్త్రగ్రంథమైనా, ఎంత ప్రసిద్ధమైన వీడియో అయినా చెప్పగలిగేది మొదటి నాలుగింటిని గూర్చి మాత్రమే. మీ ఇంటి బోరునీరు కఠినజలమని గ్రంథకర్తకు తెలియదు. కఠినజలంలో పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. మీ డబ్బాలోని కందిపప్పు ఏడాది నాటిదని వారికి తెలియదు. పాతబడినకొద్దీ పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. కనుక ‘మూడు విజిల్స్’ అన్న వాక్యం సార్వకాలిక సత్యం కాజాలదు. ఇది గ్రీష్మమో వర్షర్తువో వారికి తెలియదు. ఇంట మధుమేహం ఉన్న తాతగారు ఉన్నారనీ, కారం తినలేని పసిబిడ్డ ఉన్నదనీ వారికి తెలియదు. ఆ నాలుగూ తెలిసినవారు మీరొక్కరే. అందుచేత ఉపయోక్తను బట్టి పాకాన్ని సవరించడం ఆ గ్రంథానికి అపచారం కాదు. అది చరకుడు మీకు అప్పగించిన పని.

ప్రతినిధి, దాని హద్దులు

అనుకొన్న ద్రవ్యం దొరకకపోతే ఏమి చేయాలి? మీమాంసలో ఆరవ అధ్యాయం దీనిని చర్చించింది. వ్రీహులు దొరకనప్పుడు నీవారధాన్యం, సోమలత దొరకనప్పుడు పూతీకం ప్రతినిధులుగా గ్రహింపబడ్డాయి. సాదృశ్యమే ప్రమాణం. అంటే ఏ గుణం కోసం మూలద్రవ్యాన్ని విధించారో ఆ గుణం హెచ్చుగా కలదానిని తీసుకోవలెను. అమెరికాలోని తెలుగు గృహిణులు గోంగూర దొరకని చోట క్రాన్‌బెర్రీ పండ్లతో పప్పూ పచ్చడీ చేస్తున్నారు. పులుపు కోసం పులుపు. ఏ ఆచార్యుడూ చెప్పకుండానే జైమిని న్యాయం సముద్రాలు దాటి వెళ్లింది.

అయితే అదే అధ్యాయం హద్దులను కూడ గీసింది. నిషిద్ధద్రవ్యం ఎంత పోలికతో ఉన్నా ప్రతినిధి కాజాలదు. దేవతకు, అగ్నికి, మంత్రానికి ప్రతినిధి లేదు. వంటింట ఈ హద్దులు అక్షరాలా వర్తిస్తాయి. శీతలదేశాలలో లభించే రూబార్బ్ కాడ మంచి పులుపు. పప్పులో చక్కగా ఇముడుతుంది. దాని ఆకు మాత్రం విషం. ఆకుకూర అనుకొని దానిని వండడం ఊహ అనిపించుకోదు, అవివేకం అవుతుంది. చింతపండుకు బదులు నిమ్మరసం పిండవచ్చు. కాని పొయ్యి మీద మరిగించరాదు, దించిన పిమ్మటనే పిండాలి. ద్రవ్యం మారితే క్రమం కూడ మారుతుందన్న ఎరుక ఉన్నవానిదే ప్రతినిధిగ్రహణాధికారం.

దేవతకు ప్రతినిధి లేదన్నదానిని కూడ ఆలోచించండి. ఎవరి కోసం వండుతున్నామో అది మారరాదు. గీతలో భగవానుడు తమ కొరకు మాత్రమే వండుకొనేవారు పాపాన్నే భుజిస్తున్నారని హెచ్చరించాడు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీటికుండ అనే అయిదు చోట్ల గృహస్థునికి తెలియకుండానే హింస జరుగుతుందనీ, పంచమహాయజ్ఞాలు దానికి ప్రాయశ్చిత్తమనీ స్మృతి చెప్పింది. కూర ఏదైనా కావచ్చు, పాళ్లు ఎలాగైనా మారవచ్చు. నివేదించి, పంచి, భుజించడం మాత్రం మారదు.

నైవేద్యం అనే పరీక్ష

సాధకులు ఇక్కడ ఒక సందేహం లేవనెత్తవచ్చు. నైవేద్యాన్ని ముందుగా రుచి చూడరాదు కదా, రుచి చూడకుండా మార్పులు చేయడం సాధ్యమా అని. ఇది సమంజసమైన సందేహం. నిజానికి ఈ నియమమే మన ఇండ్లలో ఎన్నో తరాల వంటవారిని తీర్చిదిద్దింది. నాలుకను దూరం పెట్టినప్పుడు తక్కిన ఇంద్రియాలు మేల్కొంటాయి. ఆవాల చిటపట చెవికి, ఇంగువ వేగిన సంగతి ముక్కుకు, పాకం తీగసాగిన సంగతి వేళ్లకు, ఉప్పు పరిమాణం అరచేతికి తెలుస్తాయి. ‘చూసి వేసుకోవాలి’ అన్న అమ్మమాటకు అర్థం ఇదే.

నా సూచన ఇది. పండుగనాడు ప్రయోగం చేయకండి. నిత్యం చేసి చేసి చేతికి వచ్చిన ప్రకృతినే నాడు భగవంతునికి సమర్పించండి. సామాన్యదినాలలో కొద్ది పరిమాణంలో ఊహకు చోటివ్వండి. అది నాలుగుసార్లు నిలిచిన పిమ్మట దానికీ నైవేద్యార్హత వస్తుంది.

రెండు ఆక్షేపణలు

‘పెద్దలు చేసినట్లే చేయాలి, మార్చరాదు’ అన్నది మొదటి ఆక్షేపణ. దీనికి మన వంటిల్లే సమాధానం. మిరపకాయ అమెరికా ఖండం నుండి వచ్చినది. పోర్చుగీసువారు దానిని 16వ శతాబ్దంలో భారతదేశానికి తెచ్చారు. దానికి పూర్వం మన కారం మిరియాలదే. బంగాళాదుంప, టమాటా కూడ ఆ ఖండానివే. అనేక గృహాలలో తద్దినపు వంటలో నేటికీ మిరపకాయకు బదులు మిరియాలే వాడతారు. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో బంగాళాదుంప, టమాటాలు చేరవు. ఎర్రని ఆవకాయను సనాతనమని మనం భావిస్తున్నాము. అది ఒకానొక తరం ధైర్యంగా చేసిన ఊహ. ఇక్కడ పెద్దల వివేకం గమనింపదగినది. నిత్యభోజనంలో కొత్తదానిని ఆహ్వానించారు, పితృకార్యంలో పాతదానిని నిలుపుకొన్నారు. ఎక్కడ మార్చవచ్చునో, ఎక్కడ మార్చరాదో ఎరిగిన సంప్రదాయం అది.

రెండవ ఆక్షేపణ వైరాగ్యపక్షం నుండి వస్తుంది. జిహ్వను జయించవలసిన సాధకునికి ఈ పాకవిచారం ఎందుకు, ఇది రుచిలోలత్వాన్ని పెంచదా అని. అనుభవంలో దీనికి విపర్యయం కనబడుతుంది. వడ్డించినది తినేవాడు ఉప్పు చాలలేదంటాడు. వండినవాడు కొంచెం తక్కువైనదానిని సంతోషంగా తింటాడు, ఆ పళ్లెం వెనుక ఉన్న శ్రమ అతనికి తెలుసు కనుక. కర్మ చేయడంలోనే అధికారం, ఫలంలో కాదన్న గీతోపదేశానికి వంటింటిని మించిన అభ్యాసశాల లేదు. ఎంత శ్రద్ధగా చేసినా ఒకనాడు పెసరట్టు పెనానికి అంటుకొంటుంది. దానిని కూడ ప్రసాదబుద్ధితో స్వీకరించగలగడం చిన్న సాధన కాదు. శంకరుల పేర ప్రసిద్ధమైన అన్నపూర్ణాస్తోత్రంలో ఆ తల్లిని యాచించిన భిక్ష జ్ఞానవైరాగ్యసిద్ధి. అన్నం పెట్టే తల్లినే వైరాగ్యం అడిగారన్న సంగతి మరువరాదు.

అభ్యాసక్రమం

వేదాంతశ్రవణానికి చెప్పిన క్రమమే దీనికీ చాలును. ప్రథమం శ్రవణం. అయిదు వంటలను మాత్రమే ఎంచుకోండి: అన్నం, పప్పు, ఒక వేపుడు, చారు, ఒక పచ్చడి. ఒక్కరి వద్దనే నేర్చుకోండి. వారు చెప్పినది చెప్పినట్లు చేయండి. పది వీడియోలు చూసి పది మతాలను కలపకండి. ద్వితీయం మననం. ప్రతి క్రియకూ ‘ఎందుకు’ అని అడగండి. తృతీయం నిదిధ్యాసనం. ఆ అయిదింటినీ కొలతపాత్ర అవసరం లేనంతవరకు పునరావృతం చేయండి. ఆ తరువాతనే ఊహ. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చండి. రెండు మార్చితే దోషం దేనిదో, గుణం దేనిదో తెలియదు. ఉప్పు, కారం, పులుపు ముందు కొంచెం తక్కువగానే వేయండి. చేర్చడం సులభం, తీయడం దుష్కరం. పులుపు మీరితే చిటికెడు బెల్లం సర్దుతుంది. పప్పులో ఉప్పు మీరితే ఉప్పు వేయని ఉడికిన పప్పును మరికొంత కలపాలి. సవరించగలనన్న నమ్మకమే నిర్భయత్వానికి మూలం.

పెద్దలకు ఒక విన్నపం. పిల్లలు గరిటె పట్టినప్పుడు ‘నీకు రాదులే, ఇటివ్వు’ అని లాగుకోకండి. వరుణుడు భృగువు చేతిలోని తపస్సును లాగుకోలేదు. కుమారుడు అన్నం దగ్గర ఆగినప్పుడు కూడ మరల తపస్సు చేయమన్నాడే కాని, ఆనందమని తానే చెప్పివేయలేదు. కొడుకులకు కూడ నేర్పండి. మనం శ్రేష్ఠమైన వంటను ‘నలభీమపాకం’ అంటాము. ఆ ఇద్దరూ పురుషులు, రాజవంశీయులు. రాజ్యం పోయి, పేరు కూడ మరుగుపడిన దినాలలో ఒకడు ఋతుపర్ణుని కొలువులో బాహుకుడై, మరొకడు విరాటుని వంటశాలలో వలలుడై నిలదొక్కుకొన్నాడు. రూపం మారిన నలుని దమయంతి పోల్చుకొన్న గుర్తులలో అతడు వండినదాని రుచి ఒకటి. సర్వం కోల్పోయినా చేతిలో మిగిలే విద్య ఇది.

ఈ తరంలో మనం పోగొట్టుకోబోయేది వంటకాలను కాదు. అవి గ్రంథాలలోనూ తెరలపైనా భద్రంగా ఉంటాయి. పోయేది, ‘తగినంత’ ఎంతో ఎరిగిన చేయి. అది ఒక చేతి నుండి మరొక చేతికి పొయ్యి ప్రక్కనే అందవలసినది. ఒక తరం అందుకోకపోతే తరువాతి తరానికి అడిగేందుకు కూడ ఎవరూ ఉండరు.

రాబోయే ఏకాదశినాడు ఉపవసించేవారు ద్వాదశి పారణను స్వహస్తాలతో వండి చూడండి. అవిసాకు దొరికితే పెసరపప్పుతో కలపండి. దొరకకపోతే ఏది తగునో ఆలోచించండి. స్వామికి నివేదించి, ఇంట ఉన్నవారికి వడ్డించి, ఎలా కుదిరిందో అలాగే భుజించండి. మరునాడు ఉప్పు ఎంత వేయాలో మీ చేతికే తెలుస్తుంది.

శుభం భూయాత్.